మోగని శనివారం

సుర్ఖేత్, నేపాల్
3 ఫిబ్రవరి 2005

ఇందిరా,

నువ్వు ఈపాటికి నాకు ఇరవైసార్లు ఫోన్ చేసి, ఇరవైసార్లూ ఆ ఫోన్‌ని తిట్టి ఉంటావు. నేను బతికే ఉన్నాను. ముందు అది రాసేస్తున్నాను. తర్వాత రాసేది అందినా అందకపోయినా అదొక్కటీ అందితే చాలు.

మంగళవారం పొద్దున ఇక్కడి రాజుగారు రేడియోలో మాట్లాడారు. ప్రభుత్వాన్ని రద్దు చేశాను, ఇకనుంచి పాలన నాదే అన్నారు. ఆ మాటలు పూర్తయ్యేలోపే దేశమంతా ఫోన్లు చచ్చిపోయాయి. ఇంటర్నెట్టూ పోయింది. మా నర్సుల శిక్షణ కేంద్రంలో ఉన్న ఒక్క కంప్యూటరు ముందు కూర్చుని నీకు ఈ-మెయిలు రాశాను. మూడు రోజులుగా అది తెర మీదే ఉంది, చెప్పులు తొడుక్కుని గుమ్మంలో నిలబడిపోయిన మనిషిలా.

ఒక్క మాట చెప్తే నవ్వుతావు. ఈ లోయలో ఇన్ని చప్పుళ్ళున్నాయని నాకు తెలియదు. ఫోన్లు పోయాక వినబడుతున్నాయి. ఎక్కడో కొండ మీద గొడ్డలి దెబ్బ, అది పడిన చాలాసేపటికి మా వరండాలోకి వస్తుంది. మేకల మెడగంటలు మబ్బులోంచి రాలుతున్నట్టుంటాయి. నిన్న మధ్యాహ్నం కాస్త కన్నంటుకుంటే ఫోన్ మోగింది. పరిగెత్తాను. నేను వరండాలోకి వచ్చేసరికి అవతలి గదుల్లోంచి మరో ఇద్దరు నర్సులు పరిగెత్తుకొస్తున్నారు. ముగ్గురం ఫోన్ చుట్టూ నిలబడి ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అది మోగలేదు. ముగ్గురికీ కలలో మోగింది.

ఇక్కడినుంచి సరిహద్దు దాకా బస్సు నడిపే ఖడ్కా అని ఒకాయన ఉన్నాడు. వంతెన దాటి మన దేశం వైపు రుపైడిహాలో టీ తాగి తిరిగొస్తాడు. ఈ ఉత్తరం ఆయన చేతికిస్తున్నాను, అక్కడ మన పోస్టు డబ్బాలో వేస్తాడు. మన కాలేజీ రోజుల్లో సంగారెడ్డి బస్సు కండక్టరు చేత కబుర్లు పంపుకునేవాళ్ళం చూడు, అలాగే. జవాబు ఆ టీకొట్టు అడ్రసుకే రాయి, కింద ఇస్తున్నాను. అటువైపునుంచి వచ్చే సుర్ఖేత్ వాళ్ళందరూ ఆగేది ఆ ఒక్క కొట్టు దగ్గరే.

నీ
హైమావతి


పాశమైలారం
11 ఫిబ్రవరి 2005

హైమా,

నీ ఉత్తరం నిన్న అందింది. ఇరవైసార్లు కాదు, నలభైసార్లు చేసిన.

‘రాజుగారు’ అని రాసినవ్. గారు ఎందుకే? దేశం నోరంత ఒక్క చేత్తోని నొక్కినోనికి గారు తగిలిస్తవా? నీకు కాలేజి సంది గదే రోగం. ప్రిన్సిపాల్ మనల్ని సస్పెండ్ చేసిన దినం సుత ‘సారుగారు’ అన్నవ్. మీ కోస్తా మర్యాద మీ నాయినతోని ఇక్కడి ప్లాంటుకు లారీల వచ్చిందో ఏమో, నలభై నాలుగేండ్లొచ్చినా నిన్ను ఇడువలే.

రాజు మీద కంటే నాకు ఇంకొక గొంతు మీద కోపం. నా ఎస్టీడీ ఫోన్ బూతుల కూసొని నీ నంబరు కొడితే ఒక ఆడామె మాట్లాడుతది. ‘ఈ మార్గంలోని లైన్లన్నీ రద్దీగా ఉన్నాయి, దయచేసి కొంతసేపటి తర్వాత ప్రయత్నించండి.’ తెలుగుల చెప్తది, హిందీల చెప్తది, ఇంగ్లీషుల చెప్తది. మూడు భాషల్ల ఒక్కటే అబద్ధం. రద్దీ యాడిదే? కోసేసిన తీగల మీద రద్దీ ఎట్ల ఉంటది? ‘కోసిన్రు’ అని చెప్పే మాట ఆ మిషన్ల పెట్టలే. ఎందుకంటే కోస్తరని ఎవ్వలు ఒప్పుకోరు. మన కాడ మాత్రం? ఎనభై తొమ్మిదిల ఫ్యాక్టరీల మురికికి వాగు నీళ్ళు ఎర్రగైనయని మా ఊరోళ్ళు రోడ్డు మీద కూసున్నప్పుడు, ఊర్లె ఉన్న ఒక్క ఫోను మూడు దినాలు మూగది కాలేదా? కేబుల్ ఖరాబైందన్నరు. ధర్నా లేవంగనే కేబుల్ దానంతటదే బాగైంది! నువ్వు బస్సెక్కి సంగారెడ్డి పోయి కలెక్టరాఫీసుల కాయిదం ఇచ్చినవ్, నేను కుంటికాలుతోని రోడ్డు మీద మైకు పట్టుకున్న. చైనాల నెట్‌కు గోడ కట్టిన్రట. రాజులు మారుతరు గని కత్తెర ఒక్కటే.

సరే, నువ్వు ‘ఉపన్యాసం ఆపు’ అంటవ్. ఒక మనిషి గురించి చెప్త.

దిల్ బహదూర్ అని, మీ సుర్ఖేత్ దిక్కు కొండలోడే. ఇక్కడ మందుల ఫ్యాక్టరీ గేటు కాడ వాచ్‌మెన్. వచ్చి ఐదేండ్లాయె, ఊరికి ఒక్కపారి పోలే. ప్రతి శనివారం పదకొండు గంటలకు నా బూతుకొస్తడు. ఆయన పెండ్లాం మన్‌మాయ అక్కడ మూడు గంటలు కొండ దిగి, బజారుల ఒక షాపు ఫోన్ కాడ కూసుంటదట. ఈయన చేస్తడు, ఆమె ఎత్తుతది. ఆమెకు ఫోన్ ఎత్తుడే తెలుసు, చేసుడు తెల్వదు. మొన్న ఐదో తారీఖు సుత వచ్చిండు. మూడు భాషలామె తన అబద్ధం చెప్పి ఊకున్నది. ఆ తర్వాత లైన్ల ఉత్త గాలి. ఆయన రిసీవర్ పెట్టేయలే. ఆ గాలితోని మాట్లాడుడు మొదలుపెట్టిండు.

అప్పటి సంది దినాం వస్తుండు. డ్యూటీ దిగి, టోపీ తీసి, అద్దాల డబ్బల కూసొని, కండ్లు మూసుకొని మాట్లాడుతడు. అవతల ఎత్తితేనే నా మీటరు తిరుగుతది, అందుకే నేనేమనలే. ‘నహిండ, నహిండ’ అంటడు. సన్నగ, జోలపాట తీర్గ. అద్దం మీద ఆయన ఊపిరి మంచు లెక్క పడుతది, ఆరుతది, మళ్ళ పడుతది. బయట లారీలు, ఫ్యాక్టరీ కూతలు, ఆ వాసన, అన్నీ ఆ అద్దం కాడ ఆగిపోతయి. చూస్తుంటే నాకే నిద్రల నడిచినట్టయితది హైమా.

మా అవ్వ నాకు సద్ది తెచ్చి చూసింది. ‘ఏమంటుండో అడుగరాదే’ అన్నది. ‘ఆలుమగల మాటలు మనకెందుకే రాజవ్వా’ అన్న. ‘ఊరందరి సంగతులు నీకే కావాలె, గిదొక్కటి వద్దా?’ అని మూతి తిప్పుకుంట పోయింది.

ఆయన మీదనే వ్యాసం రాస్తున్న, మన నెలపత్రికకు. ‘గాలితో మాట్లాడే మనిషి’. ఇప్పటికే పదహారు పేజీలైంది. నాకు తెలుసు, ఇది నేను రాసినవాటన్నిట్ల మంచిదైతది.

ఇందిర


సుర్ఖేత్
19 ఫిబ్రవరి 2005

ఇందిరా,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం చేరింది. కవరు అంచులు తడిసి అక్షరాలు కాస్త అలుక్కుపోయాయి, కానీ నీ కోపం చెక్కుచెదరలేదు. ఆ టీకొట్టులో కొత్తగా గిన్నెలు కడిగే ఒకామె చేరిందట. ఆమె కూతురు నీ కవరు చేతికిచ్చినట్టే ఇచ్చి మళ్ళీ లాక్కుని, మీద ఉన్న ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటీ పైకి చదివిందిట. తల్లి రెక్క పట్టుకుని లాగేదాకా వదల్లేదని ఖడ్కా నవ్వుతూ చెప్పాడు. నీ బూతు రబ్బరు ముద్రకి ఈ వయసులో ఒక పాఠకురాలు దొరికింది.

ఇక్కడి పత్రికల ఆఫీసుల్లో సైనికులు కూర్చుంటున్నారు. అచ్చయ్యే ముందు ప్రతి పేజీ వాళ్ళు చూడాలి. ఒక పత్రిక సంపాదకీయం ఉండాల్సిన చోట తెల్లగా వదిలేసి తెచ్చిందట. ఆ తెల్లటి చోటుని మా నర్సమ్మ ఒకామె కత్తిరించి పెట్టెలో దాచుకుంది. ఎందుకు అంటే, ‘ఇందులో అబద్ధం లేదు కదా’ అంది. ఖాట్మండులో ఫోన్లు వచ్చేశాయంటున్నారు. మా లోయకి ఇంకా రాలేదు. కొండ మీద బజార్లకి ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు.

నీ ఉత్తరం మా వాళ్ళకి నేపాలీలో చదివి వినిపిస్తున్నాను. మూడు భాషల ఆవిడ దగ్గర అందరూ నవ్వారు. అద్దం మీద ఊపిరి దగ్గర ఒకమ్మాయి కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత ‘నహిండ’ దగ్గరికి వచ్చాను. నవ్వూ ఏడుపూ రెండూ ఆగిపోయాయి.

అది పాట కాదు ఇందిరా. ‘నడవకు’ అని. ‘బయల్దేరకు’ అని.

ఆయన భార్యతో ముద్దుమాటలు చెప్పుకోవడంలేదు. ఎక్కడికో బయల్దేరవద్దని రెండు వారాలుగా బతిమాలుతున్నాడు. ఎక్కడికి? ఎందుకు? నువ్వు రాయలేదు. నువ్వు అడగలేదు కాబట్టి రాయలేదు. పదహారు పేజీలు రాశావు, ఒక్క ప్రశ్న అడగలేదు. మనిషి నోరు నొక్కితే ఊరుకోనంటావే, ఎదురుగా ఉన్న మనిషి నోట్లో ఏముందో నీకు అక్కర్లేకపోయిందా? నీకు కావలసింది ఆయన ఊపిరి పడిన అద్దమేనా?

కోపంగా రాశాను. తుడిచెయ్యను. ఈ రోజుల్లో కొండ దారులు ఎలా ఉన్నాయో నీకు తెలియదు. గట్టు మీద సైన్యం, వాగు దగ్గర అడవిలోవాళ్ళు. ఒంటరిగా దిగే ఆడమనిషిని ఇద్దరూ ఆపి ఒకటే అడుగుతారు, నువ్వు ఎవరి మనిషివని. ఏ జవాబు చెప్పినా రెండోవాళ్ళకి తప్పే.

అడుగు. వెంటనే అడిగి రాయి.

హైమ


పాశమైలారం
25 ఫిబ్రవరి 2005

హైమా,

అడిగిన.

నీ ఉత్తరం పొద్దుగాల వచ్చింది. ఆయన పది గంటలకు వచ్చి అద్దాల డబ్బల కూసున్నడు. నేను తలుపు తీసి, ‘దిల్ బహదూర్, నహిండ అంటే ఏంది?’ అన్న. రిసీవర్ చెవికాడనే ఉంచుకొని నా దిక్కు చూసిండు. ఆ చూపు నేను మరువ.

మొత్తం చెప్పిండు. వాళ్ళ ఊర్లె వయసున్న మగోడు కనవడితే ఇటోళ్ళన్న పట్టుకపోతరు, అటోళ్ళన్న. అందుకే ఐదేండ్ల సంది పోలే. ఇగ పెండ్లాన్ని, బిడ్డను ఇక్కడికే తెచ్చుకుందామనుకున్నడు. ఎట్ల చెప్పాలె? బజారు షాపుల ఫోన్ అంటే నలుగురి నడుమ ఫోన్. షాపాయన ఇంటడు, పక్క బల్ల మీదోడు ఇంటడు. అండ్ల సర్కారు చెవి ఉంటది, అడవి చెవి ఉంటది. ‘దిగిరా’ అన్న మాట పొక్కితే బాటలనే ఆపుతరు. అందుకని పోయిన దసరాకు ఊరికి పోతున్న తోటి వాచ్‌మెన్‌తోని నోటిమాటగ గుర్తు చెప్పి పంపిండు. ప్రతి శనివారం ఫోన్ మోగుతది. ఏ శనివారం మోగదో, ఆ శనివారం నేను రైలెక్కినట్టు. మర్నాడే బిడ్డను తీసుకొని సరిహద్దు కాడికి రా, అక్కడ కలుస్త.

వినవడేదైతే ఎవడో ఒకడు ఇంటడని, వినవడనిదాన్ని గుర్తు పెట్టుకున్నరు హైమా. ఇద్దరు మనుషులు లోకం కంట పడకుండ దాచుకున్న ఒక్క మౌనం. దాన్ని రాజు ఒక్కపారే దేశమంతటికి పంపిండు. ఐదో తారీఖు శనివారం ఫోన్ మోగలే.

‘ఆమె బయల్దేరిందా, తెల్వదు దీదీ’ అన్నడు. ‘అందరి ఫోన్లు పోయినయని షాపాయన చెప్తే ఆగుతది. ఆమె ఊర్లనే ఉంటే నేను పోయి ఏం జేస్త? సరిహద్దుల ఉంటే ఇక్కడ కూసొని ఏం జేస్త? ఇటా అటా అని ఇరవై దినాలు. లీవు అడిగితే కాంట్రాక్టర్ పోతే పో, మళ్ళ రాకన్నడు. ఇగ ఫోనుకే చెప్పుకున్న, గాలి మోసుకపోతదేమో అని.’

‘నాకెందుకు చెప్పలే?’ అన్న. గట్టిగనే అన్న. దొంగతనం దొరికినోళ్ళు గట్టిగ అంటరు సూడు, గట్ల.

ఆయన నెమ్మదిగ అన్నడు. ‘మీరు రాసుకుంటుంటిరి కద, దీదీ.’

మా అవ్వ గడప మీద కూసొని అంత విన్నది. లేచి ఇంటికి పోయి గంటల జొన్నరొట్టెలు, కారం మూటగట్టి తెచ్చి ఆయన ఒడిల పెట్టింది. ‘ఇటా అటా అని కూసున్నది చాలు కొడుకా. సరిహద్దుకే పో. లేకుంటే లేదని తెలుస్తది గద’ అన్నది.

నేను ఆపిన. ‘బాట మంచిగ లేదంట, హైమకు రాస్త, ఆమె ఆరా తీస్తది, జవాబు రానీ’ అన్న. ‘అంటే ఇంకో శనివారమా దీదీ?’ అన్నడు. ‘వద్దులే, పో’ అన్న. ఇరవై ఏండ్ల సంది ఉపన్యాసాలిచ్చిన నోరు.

ఆయన బూతు బయట బెంచి మీద కూసున్నడు, నేను ఇది రాస్తున్న. ఈ ఉత్తరం తెచ్చేది ఆయనే. సాయంత్రం సికింద్రాబాద్‌ల రైలెక్కి, లక్నోల దిగి, బస్సుల మీద రుపైడిహా పోతడు. నీ టీకొట్టుల ఇది ఇచ్చి, అక్కడ్నుంచి వెతుకుడు మొదలుపెడుతడు.

నువ్వు సుత వెతుకు. మన్‌మాయకు ఎడమ చెంప మీద కాలిన మచ్చ ఉంటది. బిడ్డకు ఏడేండ్లు, పేరు ఆశ, రెండో తరగతి. ఈయన వచ్చినప్పుడు రెండేండ్ల పిల్ల, ఇప్పుడు మొఖం ఎట్లుంటదో ఈయనకే తెల్వదు. ప్రతి శనివారం ఫోన్ల తండ్రికి ఇంగ్లీషు అక్షరాలు అప్పజెప్తది. పాశమైలారం, పటాన్‌చెరు, ఈ పేర్లన్ని ఒక్కొక్క అక్షరం చేసి నేర్పిండట.

ఆ పదహారు పేజీలు పొయ్యిల పెట్టలే. పెడుదామనుకున్న. అది సుత నాటకమే అయితదని ఊకున్న.

ఇందిర


సుర్ఖేత్
8 మార్చి 2005

ఇందిరా,

ముందు నువ్వు ఊపిరి పీల్చుకో. కలిశారు.

ఎలా కలిశారో చెప్తాను. నేను చూడలేదు. ఖడ్కా బస్సులో పనిచేసే కుర్ర కండక్టరు చూశాడు. వాడు చెప్పినప్పట్నించీ నేను నిజంగా అక్కడ నిలబడి చూసినట్టే ఉంది.

మధ్యాహ్నం. టాంగాలు వంతెన మీద లేపిన దుమ్ము ఎండలో అలాగే నిలబడిపోయి ఉంది, మనుషులు అందులోంచి తేలుతూ వస్తున్నారట. దిల్ బహదూర్ టీకొట్టు ముందుకి వచ్చాడు. నాలుగు రోజుల ప్రయాణం, తల ఎత్తే ఓపిక లేదు. నీ కవరు బల్ల మీద పెట్టి, ‘సుర్ఖేత్ బస్సుకి ఇవ్వాలి’ అన్నాడు. లోపలెక్కడో గిన్నెల చప్పుడు. ఒక చిన్న చెయ్యి వచ్చి కవరు తీసుకుంది. తీసుకుని, దాని మీది ముద్ర చదవడం మొదలుపెట్టింది. పీ. ఏ. ఎస్. హెచ్. ఏ.

ఆయన ఆ పిల్లని చూడలేదు ఇందిరా. చూసినా తెలిసేది కాదు. విన్నాడు. ఐదేళ్ళు ప్రతి శనివారం పదకొండు గంటలకి విన్న గొంతు. కండక్టరు చెప్పాడు, ఆయన కళ్ళు మూసుకుని బల్ల పట్టుకుని నిలబడ్డాడట, పిల్ల చివరి అక్షరం దాకా చదివేవరకూ. మధ్యలో ఆపితే లైను తెగిపోతుందన్నట్టు. తర్వాత, ‘ఇంకోసారి చదువు’ అన్నాడట. ఆ మాటకి లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

మన్‌మాయ తడిచేతులతోనే బయటికి వచ్చింది. ఏడుస్తుందనుకున్నారు అందరూ. ‘హైదరాబాదు నుంచి నడిచొచ్చావా?’ అంది. ‘ఇరవై నాలుగు రోజులు పట్టింది!’

నాకు నవ్వూ ఏడుపూ ఎక్కడ ఆగాయో తెలియదు. ఆమె ఫిబ్రవరి ఆరునే బయల్దేరింది. షాపతను ఫోన్ చచ్చిపోయిందని చెప్పాడట. ఆమె నమ్మలేదు. తమ గుర్తు ఎవరికో తెలిసిపోయింది, తనని ఆపడానికే అలా చెబుతున్నారు అనుకుంది. పిల్లని తీసుకుని రెండు రోజులు నడిచింది. వాగు దగ్గర ఒకరు ఆపారు, గట్టు మీద ఇంకొకరు ఆపారు. ఏమడిగారో ఆమె ఎవరికీ చెప్పడంలేదు. చేతి గాజులు మాత్రం లేవు. మొగుడు వస్తే ఈ కొట్టు ముందునుంచే రావాలి కాబట్టి అక్కడే గిన్నెలు కడుగుతూ కూర్చుంది.

ఇప్పుడు ఆలోచించు. ఆయన అద్దాల డబ్బాలో ఏదో జోలపాట పాడుతున్నాడని నువ్వు రాసిన ఉత్తరం, ఆమె చేతిమీదుగానే నాకు వచ్చింది. కవరు అంచులు తడిసింది ఆ చేతులతోనే. మొగుడి మాట చేతిలో పట్టుకుని, చదవడం రాక, బస్సు డ్రైవరుకి అందించింది. నేనూ తక్కువ తినలేదు. పిల్ల అక్షరాలు చదివిందని నీకు తమాషాగా రాశాను. ఎవరి పిల్ల అని ఖడ్కాని అడగలేదు. నిన్ను అడగలేదని తిట్టిన ఉత్తరంలోనే.

ఇక రెండో సంగతి. ఖడ్కాని చెక్‌పోస్టు దగ్గర దింపేశారు. సీటు కింద ఏడు ఉత్తరాలు దొరికాయి. రెండు రోజులు ఉంచుకుని వదిలారు. ఎడమచేత్తో అన్నం తింటున్నాడు, కుడిచెయ్యి ఎందుకు ఎత్తడంలేదో నేను అడిగితే ‘స్టీరింగు బరువు’ అన్నాడు. నర్సుని కదా, నాకు తెలుస్తుంది. ఈ ఉత్తరం ఆ కండక్టరు చొక్కాలో వస్తోంది, ఇదే ఆఖరు. ఇంకెవరి చేతినీ అడగలేను. నువ్వు మామూలు పోస్టులోనే రాయి. వాళ్ళు విప్పుతారు, విప్పనీ.

ఈసారి నేను రాజుగారు అని రాయడంలేదు, గమనించు.

హైమ


పాశమైలారం
27 మార్చి 2005

ఈ కవరు విప్పిన సైనికునికి,

ముందుగాల నీకు చెప్త నాయినా. తెలుగొస్తదా నీకు? రాకుంటే ఊకనే కూసొని తలకాయ నొప్పి తెచ్చుకోకు. ఇండ్ల బాంబులు లేవు, ఒక కుటుంబం సంగతున్నది. నీకు సుత ఊర్లె ఒకామె ఉంటది, ఏదో ఒక షాపు ఫోన్ కాడ కూసొని. నువ్వు కోసిన తీగ ఆమెది సుత. గింతే. ఇగ అంటించి పంపు.

హైమా,

వాళ్ళు వచ్చిన్రు. పాత గేటు కాడ ఉద్యోగం పోయింది, పక్క వీధి ఫ్యాక్టరీ గేటు కాడ దొరికింది. మా బూతు ఎనుక రేకుల రూముల ఉంటున్నరు. మా అవ్వ మన్‌మాయకు గాజులు తొడిగిచ్చింది. ఇద్దరి నడుమ ఒక్క భాష లేదు, అయినా పొద్దంత మాట్లాడుకుంటరు. ఏం మాట్లాడుకుంటరో ఇద్దరికీ తెలుసు. నాకే తెల్వదు. ఆశను బడిల వేసినం. ఫ్యాక్టరీ బోర్డులన్ని చదువుకుంట పోతది, బడికి దినాం ఆలస్యం.

ఖడ్కా చెయ్యి గురించి దిల్ బహదూర్‌కు చెప్పిన. దాచుదామనుకున్న ఒక దినం. దాచి ఏం చేస్త, రాజు పనే కద అది? చెప్పిన. ఆయన లేచి పోయి గేటు కాడ నిలవడ్డడు.

వ్యాసం మళ్ళ రాసిన. ఈసారి ఆయన ముందర కూసొని, ఒక్కొక్క మాట హిందీల చెప్పుకుంట. పదహారు పేజీలు నాలుగైనయి. అద్దం మీద ఊపిరి సంగతి తీసేయమన్నడు. ‘అది చలికి, దీదీ’ అన్నడు. తీసేసిన. ఆఖరుకు, ‘నా పేరు వద్దు, మా ఊరు పేరు వద్దు, అక్కడ మావోళ్ళున్నరు’ అన్నడు. నాకు రోషమొచ్చింది. పేరు లేకుంటే సాక్ష్యం ఎట్లయితది, భయపడితే వాళ్ళు గెల్చినట్టే కద అని వాదిచ్చిన. గంటసేపు. ఆయన ఇంటున్నడు. అప్పుడు యాదికొచ్చింది, నేను మళ్ళ ఆయనను మాట్లాడనిస్తలేను.

పేరు ఉండాల్సిన చోటల్ల ఖాళీ వదిలిపెట్టిన. ఎడిటర్ ఫోన్ చేసి, ‘ఇందిరమ్మా, పదకొండు చోట్ల అక్షరాలు రాలిపోయినయి’ అన్నడు. ‘రాలలే సారూ, అట్లనే అచ్చెయ్యి’ అన్న. మీ పత్రికల తుపాకి పెట్టి చేయిచ్చిన తెలుపు వేరు, మనిషి అడిగి ఉంచుకున్న తెలుపు వేరు. ఈ తేడా తెలుసుకోనీకి నాకు నలభై నాలుగేండ్లు పట్టింది. ఒప్పుకుంటున్న. నువ్వు ఎగతాళి చేయకు.

ఇగ నిన్నటి సంగతి.

నిన్న శనివారం. పదకొండు గంటలకు దిల్ బహదూర్ అలవాటు చొప్పున వచ్చి బెంచి మీద కూసున్నడు. చేసేందుకు ఎవ్వలు లేరు, ఊకనే వచ్చిండు. ఎనుకనే మన్‌మాయ వచ్చింది. అద్దాల డబ్బ చుట్టు ఒక చుట్టు తిరిగి, అద్దం మీద చెయ్యి పెట్టి, లోపలికి పోయి కుర్చీల కూసున్నది. ఆశను పిలిచి వాళ్ళ బజారు షాపు నంబరు అడిగింది. పిల్ల ఒక్కొక్క అంకె చెప్తుంటే ఒక్కొక్క బటన్ ఒత్తింది, వేలు చివర చూసుకుంట. జీవితంల ఆమె చేసిన మొదటి ఫోన్.

నేను చేతులు కట్టుకొని నిలవడ్డ. మూడు భాషలామె వస్తదని చూస్తున్న. రాలే. చాన దూరంల, నీళ్ళ కింద మోగినట్టు మోగింది. అవతల ఎత్తిన్రు. నా మీటర్ల ఎర్ర అంకె కదిలింది.

మన్‌మాయ ఏదో చెప్పింది. అరనిమిషం. గట్టిగ, కొండ మీద్నుంచి కొండకు పిలిచినట్టు. పెట్టేసింది.

ఈసారి అడిగిన హైమా. ‘ఏమన్నది మీ అమ్మ?’ అని ఆశను అడిగిన. పిల్ల లెక్కప్పజెప్పినట్టు చెప్పింది.

‘శనివారం అక్కడ కూసునే అక్కలందరికి చెప్పు, ఫోన్ మోగకపోతే అది కబురు కాదు. ఎవ్వలు కదలకుండ్రి. అడుగుండ్రి.’

రిసీవర్ మీద చెయ్యి మాత్రం తీయలే ఆమె. అది ఇంకా వెచ్చగున్నదేమో. దిల్ బహదూర్ బయట్నుంచి అద్దంలకెల్లి ఆమెను చూస్తున్నడు. ఐదేండ్లు ఆయన కూసున్న కుర్చీల ఆమె.

మీ లోయకు లైన్ వచ్చిందంటున్నరు. శనివారం పదకొండుకు చేస్త. మోగిందా, ఎత్తు. మోగకుంటే నేను చచ్చిననో, కోపమొచ్చిందనో, మరిచిపోయిననో అనుకోకు. కోసిన్రని అనుకో. అనుకొని ఊకోకు.

ఇందిర